కొనుక్కున్న కరివేపాకు

మా పెరట్లో కరివేపాకు చెట్టుంది. అంట్లు తోమే బండ పక్కన, నీళ్లు పారే చోట, మనిషెత్తు దాటి గుబురుగా పెరిగింది. అయినా పదకొండేళ్లుగా మా అమ్మ కరివేపాకు కొనుక్కుంటుంది. కూరగాయలామె కొసరుగా వేసింది చాలకపోతే ఇంకో కట్ట అడిగి మరీ తెస్తుంది. ఇంటి వెనక ఉన్నదాన్ని ఇంటి ముందు బండి ఆపి బేరమాడే మనిషి చిత్తూరు మొత్తంలో నువ్వొక్కదానివే అని నేను ఎగతాళి చేసేదాన్ని. "దానికి పురుగు బట్టిండాదిమే" అనేది. ఏ పురుగూ లేదు, ఆకులు నిగనిగలాడుతుండేవి. పక్కింటివాళ్లు రెండు రెమ్మలు తుంచుకుంటామని వస్తే గయ్యిమని లేచేది. వయసుతోపాటు చాదస్తం కూడా వచ్చిందిలే అని నవ్వి ఊరుకున్నాం.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాను. క్వాలిటీ రూములో. ఏ తోట కాయ, ఏ రోజు పిండింది, తీపెంత, పులుపెంత అని ప్రతి డ్రమ్ము మీదా చీటీ ఉంటుంది. చీటీ సరిగా లేని డ్రమ్మును నేను గేటు దాటనివ్వను. సీజనులో నా నోటికి జడిసి సూపర్‌వైజర్లు కూడా నా ఎదుటికి రారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జాగ్రత్త విషయంలో నాకు నా మీద చాలా గొప్ప అభిప్రాయం ఉండేది.

మా ఆయన నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. వారానికోసారి వస్తాడు. పెళ్లయిన మొదట్లో నేనూ అక్కడే ఉన్నాను. మా నాయన పోయింది అప్పుడే. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. కర్మకాండలన్నీ అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, నాకు దిగులు పట్టుకుంది. మొదట అందరూ నాయన కోసమే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. నాలుగు నెలలైనా అది పోలేదు. తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు. కాఫీ వాసన తెలిసేది కాదు. ఎదురుగా ఉన్న గోడను పొద్దున చూడటం మొదలుపెడితే మధ్యాహ్నమయ్యేది. మా ఆయన ఒక ఆదివారం నన్ను ఆటోలో కూర్చోబెట్టి, అక్కణ్నుంచి బస్సులో తిరుపతికి, మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె చిన్న తెల్లటి మాత్ర రాసింది. రోజూ పొద్దున ఒకటి. రెండు నెలలకు ఒక రోజు కాఫీ వాసన తగిలింది. వంటింట్లో నిలబడి ఆ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని నేను నవ్వితే, మా ఆయన భయపడ్డాడు.

ఆ మాత్ర వేసుకుంటున్నప్పుడే నేను కడుపుతో ఉన్నానని తెలిసింది. ఆరు వారాలు. మళ్లీ తిరుపతి వెళ్లాం, ఈసారి అమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ మాత్ర మానొద్దని ఖండితంగా చెప్పింది. ఉన్నపళంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుందని, తల్లి అట్లా ఉంటే కడుపులో బిడ్డకూ మంచిది కాదని, ఈ మందు వాడుతూ కన్నవాళ్లు తన దగ్గరే ఎందరో ఉన్నారని ఓపిగ్గా చెప్పింది. అమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని తల ఊపుతూ విన్నది. బస్టాండుకు వచ్చాక నోరు తెరిచింది.

"కడుపులో బిడ్డను పెట్టుకోని పిచ్చి మాత్రలేందిమే?"

"నాకు పిచ్చా?" అని నేను అరిచాను. పల్లీలు అమ్ముకునే ఆమె కూడా తిరిగి చూసింది. బస్టాండు అని కూడా చూడకుండా అమ్మను నానా మాటలూ అన్నాను. బస్సెక్కాక నా భుజం మీద చెయ్యి వేసి, "సరేలేమే, మనింటికే వచ్చేయి. వాంతులతో నువ్వు యాడ చేసుకుంటావు? మాత్ర నేనే ఇస్తాలే దినమూ. నువ్వయితే మర్సిపోతావు" అంది. నా కోపం చల్లారింది. అమ్మ ఒప్పుకుందని సంతోషపడ్డాను.

అట్లా రెండో నెలలోనే చిత్తూరు వచ్చేశాను. వేవిళ్లు మామూలుగా లేవు, నీళ్లు తాగినా వాంతే. పొద్దున అమ్మ మంచం దగ్గరికి వచ్చి, ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో మాత్ర పట్టుకుని నిలబడేది. నేను నోరు తెరిచేదాన్ని, అమ్మ నాలుక మీద పెట్టేది. ఒక రోజు మాత్ర సగానికి విరిచినట్టు, కాస్త ముతకగా అనిపించి అడిగాను. "షాపులో వేరే కంపెనీది ఇచ్చినారు. మందు అదేనంట" అంది. మందుల షాపుల్లో అది ఎప్పుడూ జరిగేదే కదా. మింగాను.

నాలుగో నెలకు దిగులు మళ్లీ వచ్చింది. తల గిరగిరా తిరిగేది, ఊరికే ఏడుపు వచ్చేది, గోడ మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడింది. డాక్టరమ్మ దగ్గరికి వెళితే, "మాత్ర మానలేదు కదా?" అని అడిగింది. "ఒక్క రోజు కూడా మానలేదు, మా అమ్మే తన చేత్తో వేస్తుంది" అన్నాను. ఆమె అమ్మ వైపు చూసింది, అమ్మ తల ఊపింది. అయితే ఒకటిన్నర చెయ్యండి అని చీటీ మార్చి రాసింది. మర్నాటి నుంచి అమ్మ ఒకటిన్నర ఇవ్వసాగింది. తగ్గలేదు. మందుకు కూడా లొంగని జబ్బు నాదని, ఇక బతుకంతా ఇంతేనని అనుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. బరువు బాగానే ఉంది, ఏడ్చింది, పాలు తాగింది. అమ్మ మొహం వెలిగిపోయింది. పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరుగుతూ, "సూడండి, ఎంత బాగుండాదో, అన్నీ సరిగ్గా ఉండాయి" అని వచ్చినవాళ్లకల్లా వేళ్లు లెక్కపెట్టి చూపించేది. నేను మాత్రం పాపను ఎత్తుకోలేదు. ఎత్తుకోబుద్ధి కాలేదు. తల్లికి అట్లా ఉంటుందని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ నమ్మరు. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం నేను చెప్పులు కూడా లేకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాను. రైల్వే గేటు దగ్గర మా వీధి ఆటో అతను గుర్తుపట్టి, బలవంతంగా ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. మా ఆయన సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చాడు. తిరుపతిలో ఆసుపత్రిలో రెండు వారాలు ఉన్నాను. అక్కణ్నుంచి వచ్చాక మాత్రలు ఆయనే తన దగ్గర పెట్టుకుని, స్ట్రిప్పులోంచి తీసి నా చేతికిచ్చేవాడు. ఆయన డ్యూటీకి వెళ్లేటప్పటికి నాకు నేనే వేసుకునే ఓపిక వచ్చింది.

రెండు నెలలకు, వాకిట్లో పాప ఏడుపు వినిపిస్తే నా రొమ్ములో పాలు చేపుకొచ్చాయి. అప్పటికి పాలు ఎండిపోయాయనే అనుకున్నాం. పరుగున పోయి అమ్మ చేతిలోంచి లాక్కున్నాను. నాకు కూతురు పుట్టింది ఆ రోజే అని చెప్పుకుంటాను. ఇన్నాళ్లూ పని చెయ్యని మాత్ర ఇప్పుడెట్లా పని చేసిందని డాక్టరమ్మను అడిగాను. ఒక్కోసారి అంతేనమ్మా అంది ఆమె.

నా కూతురికి మాట రాలేదు. రెండేళ్లకు రాలేదు, మూడేళ్లకు రాలేదు. చెవులు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. పిలిస్తే చూడటానికి ఒకటికి పదిసార్లు పిలవాలి. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని కిందపడి దొర్లేది. ఫ్యాను రెక్కల్ని గంటలకొద్దీ చూసేది. మూడున్నరేళ్లప్పుడు, చిత్తూరు బస్టాండులో ఉన్నట్టుండి నా చంకలోంచి గట్టిగా అరిచింది: "పలమనేరు, పలమనేరు, పలమనేరు!" కండక్టరు ఎట్లా అరిచాడో అదే యాసలో, అదే తొందరలో. అదే దాని మొదటి మాట. అమ్మ అని కాదు, అవ్వ అని కాదు. ఆ కండక్టరు నవ్వి, రా పాపా ఎక్కు అన్నాడు. నేను ఆ రోజు ఏ బస్సూ ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుని, దాని చేత గంటసేపు ఊళ్ల పేర్లు చెప్పించుకున్నాను. చదవడం కూడా బస్సు బోర్డులతోనే నేర్చుకుంది.

మాటలు వచ్చాయి కానీ బడి కుదరలేదు. ఒకచోట కూర్చోదు, పిల్లలు గోల చేస్తే తట్టుకోలేదు, అక్షరాలు చక్కగా చదువుతుంది కానీ రాయమంటే చెయ్యి తిప్పలేదు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా అదే కాగితం, అందులో అదే ప్రశ్న: గర్భంతో ఉన్నప్పుడు మందులేమైనా వాడారా? నేను మందు పేరు, మోతాదు, ఎన్ని నెలలు, ఏ నెలలో పెంచారు, అన్నీ ఎక్కాల్లాగా ఒప్పజెప్పేదాన్ని. దీనివల్లే అని చెప్పడానికి లేదమ్మా అని చాలామంది అన్నారు. ఒకరిద్దరు మాత్రం కనుబొమలు పైకెత్తి రాసుకున్నారు. నాకు ఆ కనుబొమలే గుర్తుండిపోయాయి. మా ఆయనకు కూడా నాలుగేళ్లు నిండేదాకా మాట రాలేదని మా అత్త ఎన్నోసార్లు చెప్పింది. అది నేను లెక్కలోకే తీసుకోలేదు. నన్ను నేను తిట్టుకోవడంలో నాకు ఇంకొకరి వాటా అక్కర్లేదు. "నేనే దీన్ని పాడు చేసినాను, నా సుఖం కోసం విషం మింగి దీనికి పోసినాను" అని ఏడ్చేదాన్ని. నేను ఆ మాట ఎత్తగానే అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. నా ఏడుపు చూడలేక అనుకునేదాన్ని.

పాపకు నాలుగేళ్లప్పుడు నాకు మళ్లీ నెల తప్పింది.

మాత్ర లేకుండా నేను ఉండలేను. రైల్వే గేటు నాకింకా గుర్తుంది. మాత్రతో కంటే ఏమవుతుందో నా కళ్ల ముందే ఫ్యాను చూస్తూ కూర్చుని ఉంది. ఫోనులో చదివాను. ఒకచోట ఏమీ కాదని ఉంటుంది, ఇంకోచోట ఏమవుతుందో పెద్దయ్యేదాకా తెలియదని ఉంటుంది. డాక్టరమ్మ భయపడొద్దు, ఉంచుకో, నేను చూసుకుంటాను అని ఎంతో నచ్చజెప్పింది. ఆమె చెప్పినట్టే విని మొదటిదాన్ని ఇట్లా చేసుకున్నాను కదా అని నా కడుపుమంట. రెండు రోజుల తర్వాత మా ఆయన నీ ఇష్టం అన్నాడు. ఆయన గొంతులో ఏముందో నేను వినదలుచుకోలేదు.

తీయించుకోవడానికి వెళ్లిన పొద్దున అమ్మ నాతో వచ్చింది. పాపను ఇంకెక్కడా వదల్లేం కాబట్టి దాన్నీ తెచ్చుకున్నాం. ఆసుపత్రి వరండాలో ఒక సిమెంటు బెంచీ. అమ్మ ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది కానీ నన్నేమీ తాగొద్దన్నారు, ఆ ఫ్లాస్కును అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి పిలిచేముందు నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచుకో బిడ్డా. ఈసారి ఏమీ కాదు. నామాట విను."

నేను పాపను చూపించాను. అది బెంచీ కింద దూరి చెవులు మూసుకుని ఉంది. "ఇంకొకదాన్ని గూడా ఇట్ట చెయ్యమంటావా?" అన్నాను.

అమ్మ నోరు తెరిచింది. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. నర్సు నా పేరు పిలిచింది. అమ్మ చెయ్యి వదిలేసింది.

ఆ తర్వాత మేమెవరమూ ఆ సంగతి ఎత్తలేదు. అమ్మ కరివేపాకు కొంటూనే ఉంది.

ఇప్పుడు నా కూతురికి పదకొండేళ్లు. నాలుగైదు నెలల కిందట తిరుపతిలో ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే చోటికి నేనూ, పాపా, అమ్మా వెళ్లాం. ఒక కుర్ర డాక్టరు, చాలా మర్యాదస్తుడు, గంటసేపు అడిగాడు. నేను ఎప్పటిలాగే ఒప్పజెప్పాను. అతను పెన్ను పక్కన పెట్టి, అమ్మా, మాత్రలు వాడినవాళ్ల పిల్లలు ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు, కొందరికి మీ పాపలాగా అవుతుంది, అది మాత్ర వల్లా, తల్లికున్న దిగులు వల్లా, వంశంలోంచి వచ్చిందా అనేది విడదీసి చెప్పడం మావల్ల కాదు, మీరు ఇంత బరువు మోయక్కర్లేదు అన్నాడు. మంచివాడు. అతను చెప్పింది నాకు ఎక్కలేదు. మూలన కూర్చుని బస్సు టికెట్లను వరసగా పేర్చుకుంటున్న నా కూతురికి ఎక్కింది.

తిరుగు బస్సులో అది కిటికీ పక్కన, నేను మధ్యలో, అమ్మ ఈ చివర. పూతలపట్టు దాటాం. నా కూతురికి మెల్లగా మాట్లాడటం రాదు.

"మా, నువ్వు మాత్రలు మింగినందుకే నేను ఇట్ట ఉండానా?"

ముందు సీట్లోవాళ్లు తల తిప్పారు. ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్నాను.

"అవును పాపా. అమ్మకు బాగలేక మింగినాను. తప్పు నాది. నీది కాదు."

అది కాసేపు కిటికీలోంచి చూసింది. "నువ్వు మింగకుండా ఉంటే నాకు గూడా ఫ్రెండ్స్ ఉంటారా?"

ఏమని చెప్పను? అప్పుడు అమ్మ నా మీదుగా వంగి పాప మోకాలి మీద చెయ్యి వేసింది.

"లేదు పాపా. మీయమ్మ మింగలేదు."

"నువ్వూరుకో మా" అన్నాను. పిల్లను ఊరడించడానికి అబద్ధం చెబుతోందనుకున్నాను.

"నువ్వు మింగలేదుమే. నేను ఇయ్యలేదు." అమ్మ నా మొహం చూడలేదు, పాపనే చూస్తూ చెప్పింది. "గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రను ఇరిసి ఇస్తా ఉంటిని. నీ మాత్రను దినమూ పొద్దున్నే పెరట్లో కరేపాకు చెట్టు మొదుట్లో పారేసి నీళ్లు పోస్తా ఉంటిని. ఈ ఇంటికొచ్చిన దినం నుంచి నువ్వు కనేదాకా."

బస్సు పోతూనే ఉంది. నాకు ముందు అర్థమైంది చెట్టు సంగతి. పదకొండేళ్లు కొన్న కరివేపాకు. పక్కింటివాళ్ల మీద అరుపులు. నా మందు ఆ ఆకుల్లోకి ఎక్కిందేమోనని ఆమె భయం. దాని తర్వాత రైల్వే గేటు అర్థమైంది. ఒక్కొక్కటే వచ్చాయి.

"ఎందుకు మా?"

"ఆ మాత్రలు మింగితే బిడ్డకు మాట రాదని మన వీదిలో చెప్పినారు. మాట రాకపోతే ఎట్టని బయపడి చేస్తిని. మాట రాకనే పాయె." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పిచ్చిదాని మాదిరి అయితివి. నిన్ను ఆ గేటు కాడికి తోలింది నేనే. కడుపులో బిడ్డ నీ ఏడుపంతా ఇనిందే, అందుకే మూగ మాదిరి అయిందని నేననుకుంటిని. దీన్ని ఇట్ట చేసింది నేనేమే. నువ్వు కాదు."

ఒకే బిడ్డను, ఒకే ఇంట్లో ఉంటూ, నేనే పాడు చేశానని నేనూ, నేనే పాడు చేశానని మా అమ్మా, ఇద్దరం ఇన్నేళ్లూ ఏడ్చాం. నేను నోరు పెట్టి ఏడ్చాను, ఆమె పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు జాలేస్తోంది. ఆ రోజు బస్సులో జాలి రాలేదు. నా మనసు నేరుగా ఆ సిమెంటు బెంచీ దగ్గరికి పోయింది.

"ఆ పొద్దు చెప్పి ఉండచ్చు గదా?" అన్నాను. "ఆసుపత్రి బెంచీ మీద. ఒక్క మాట."

అమ్మకు ఏ పొద్దు అని అడగాల్సిన పని లేకపోయింది. "నోటి దాకా వచ్చిండె. నువ్వు పాపను సూపిచ్చి, ఇంకొకదాన్ని ఇట్ట చెయ్యమంటావా అంటివి. దీన్ని ఇట్ట చేసింది నేను గదా, ఏ మొగం పెట్టుకోని చెప్పేది? అంతలో నర్సు పిలిచేసె."

నేను రెండో బిడ్డను ఎందుకు వద్దనుకున్నానో ఆ కారణమే లేదు. నేను చూపించిన సాక్ష్యం సాక్ష్యమే కాదు. మొదటి ఆరు వారాలు మింగింది నిజం, ఆ తర్వాత మింగనిదీ నిజం, పాప ఎందుకిట్లా ఉందో ఎవరికీ తెలియదన్నది అన్నిటికంటే నిజం. ఆ పొద్దున నాకు ఈ మాత్రం తెలిసి ఉంటే నేను ఆ బెంచీ మీంచి లేచి, ఫ్లాస్కులో కాఫీ తాగి, ఇంటికి వచ్చేసి ఉండేదాన్ని.

"అయితే నేనెందుకు ఇట్ట ఉండాను?" అని అడిగింది నా కూతురు.

"తెలీదు పాపా."

"డాక్టరుకు?"

"ఆయనకూ తెలీదంట."

అది తల ఊపింది. ఎవరికీ తెలియకపోవడం దానికి పెద్ద కష్టంగా అనిపించినట్టు లేదు. ఊరు దగ్గరపడగానే లేచి నిలబడి, "చిత్తూరు, చిత్తూరు, చిత్తూరు, దిగాల దిగాల" అని బస్సంతా వినిపించేటట్టు అరిచింది. కండక్టరు నవ్వాడు. మేమిద్దరం దిగాం, అమ్మ వెనకాల మెట్టు పట్టుకుని మెల్లగా దిగింది. నేను చెయ్యి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోను చేసి అంతా చెప్పాను. వెనకాల మిషన్ల చప్పుడు వినిపిస్తూ ఉంది. చివరికి, "పేరు గూడా అనుకున్నానే" అన్నాడు. ఏడేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఏం పేరని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇప్పటికీ అడగలేదు.

అమ్మతో మాట్లాడటం మానేశాను. వంట చేసేదాన్ని, వడ్డించేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. ఆమెకు బీపీ మాత్ర రోజూ టిఫిన్ తర్వాత నేనే చేతిలో పెట్టడం అలవాటు. కళ్లు సరిగా కనిపించవు, స్ట్రిప్పులు తేడా తెలియదు. ఆ రోజుల్లో చేతికి ఇవ్వకుండా, మాత్రను గిన్నెమూతలో వేసి, ఆమె ముందు పెట్టి, ఫ్యాక్టరీకి వెళ్లిపోయేదాన్ని. ఇరవై రోజులు గడిచాయి. ఒక ఆదివారం దిళ్ల గలీబులు ఉతకడానికి తీస్తే, అమ్మ దిండు కింద కాగితంలో చుట్టిన బీపీ మాత్రలు కనిపించాయి. ఒక్కటి కూడా వేసుకోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంది మా ఇది? సావాలనా?" అని అరిచాను. ఇరవై రోజుల తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నువ్వు ఇయ్యలేదు గదా మే" అంది అమ్మ, చిన్నపిల్లలాగా. "నువ్వు ఇస్తావేమో అని పెట్టుకోనుండాను."

కొత్త మాత్ర తీశాను. స్ట్రిప్పును ఆమె కళ్ల దగ్గర పెట్టి, "సూసుకో. ఏం మాత్రో సూసుకోని మింగు" అన్నాను. ఆ మాటలో ఉన్న విషం నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"నువ్విస్తే సూసేదేముండాది" అని నోరు తెరిచింది.

నాలుక మీద పెట్టాను. నీళ్లు తాగించాను. గుటుక్కున మింగి, మింగాననడానికి గుర్తుగా మళ్లీ నోరు తెరిచి చూపించింది. నేను కూడా మంచంలో పడుకుని ఆమె ముందు అట్లాగే నోరు తెరిచేదాన్ని. ఆమెను కొట్టాలనిపించింది, ఒళ్లో పడుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. పుట్టి ఉంటే ఆ బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. ఇది అనుకోకుండా నాకు ఒక్క రోజు గడవదు, అమ్మకూ గడవదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం చారు పెడుతున్నాను. పోపులోకి కరివేపాకు లేదు, బండి ఆమె ఆ రోజు రాలేదు. పెరటి తలుపు తీసుకుని వెళ్లి, చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచాను. పదకొండేళ్లుగా ఎవరూ తాకని చెట్టు, కొమ్మ ముట్టుకోగానే ఘాటు వాసన కొట్టింది. అమ్మ గడపలోంచి చూసి గాబరాగా లేచి వచ్చింది.

"వద్దుమే! దాంట్లో నీ మందుండాది."

"ఉండనీ మా" అన్నాను. "నేను మింగాల్సిందే గదా."

అమ్మ గడప పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. నేను రెమ్మ కడిగి, ఆకు దూసి, నూనెలో వేశాను.